కోల్హాస్ వైరము

మధ్యయుగమున జర్మను దేశములలో వైరము ఒక ఆచారము. ఆచారము మాత్రమే కాదు, ఒక విధమైన హక్కు. ఒక ప్రభువు వలన అన్యాయము పొందిన మఱియొక ప్రభువు, న్యాయస్థానము దూరమున నున్నదనియో, అందు తీర్పు దొరకదనియో, దొరికినను దానిని అమలుపఱచు నాథుడు లేడనియో నిశ్చయించుకొనినప్పుడు, శత్రువునకు వైరలేఖ నంపి, గడువు గడచిన పిమ్మట వాని గ్రామములపై బడి, పశువులను తోలుకొనిపోయి, ధాన్యపు కొట్లకు నిప్పు పెట్టి, తనకు రావలసిన దానిని తానే రాబట్టుకొనుట ఆనాటి జనులకు దోపిడిగా గోచరింపలేదు. రాజశక్తి దుర్బలమై, కొండకొక కోటయు కోటకొక ప్రభువును వెలసిన ఆ సీమలలో, ఫేడె యను పేర వ్యవహరింపబడిన ఈ స్వయంప్రతీకారము ధర్మసాధనమునకు మిగిలిన మార్గములలో నొకటిగా నెంచబడెను.

అయితే ఆ యాచారమునకు హద్దులు లేకపోలేదు. రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి 1235వ సంవత్సరమున మైన్స్ నగరమునందు ప్రకటించిన దేశశాంతి శాసనము, మొదట న్యాయాధికారికి మొఱపెట్టుకొనక వైరమునకు దిగరాదనియు, దిగదలచినవాడు మూడు దినములు ముందుగా శత్రువునకు తెలియజేయవలెననియు విధించెను; నాల్గవ కార్ల్ చక్రవర్తి 1356లో వెలువరించిన స్వర్ణశాసనము సైతము ఆ మూడు దినముల నియమమునే దృఢపఱచెను. అంతకు పూర్వమే, 11వ శతాబ్దమున, క్రైస్తవ మతాధికారులు దైవశాంతి యను నియమమును ప్రచారము చేసి, కొన్ని సీమలలో బుధవారము సాయంకాలము మొదలు సోమవారము ఉదయము వఱకు ఎవ్వరును ఆయుధ మెత్తరాదని కట్టడి చేసియుండిరి. దేవాలయముల జోలికిని, శ్మశానవాటికల జోలికిని, యాత్రికుల జోలికిని పోరాదని శాంతిశాసనములు పలుమార్లు చాటెను. అన్నింటికంటె ముఖ్యమైన దేమనగా, వైరమునకు ఆరంభ మున్నట్లే అంతమును ఉండెను. మధ్యవర్తులు కూర్చుండి పరిహారమును నిర్ణయించిన పిమ్మట, ఇకమీదట ఈ విషయమై పగ పట్టనని దేవుని సాక్షిగా ప్రమాణము చేయు పద్ధతి కలదు. ఆ ప్రమాణముతో లెక్క ముగిసిపోయెడిది.

ఈ హద్దులను జూచి ఆ యాచారము దయామయమైనదని భ్రమపడరాదు. ప్రభువు లిద్దఱు పోరాడుకొనగా కాలిన యిండ్లు రైతులవి. తోలుకొనిపోబడిన యెడ్లు రైతులవి. ఆ యేట విత్తు లేక బీడుపడిన పొలము రైతుది. బలవంతులకు అది ధర్మమే గాని, వారి మధ్య నలిగిన సామాన్యులకు వైరము మాత్రమే. ఐనను, శతాబ్దముల తరబడి మానవులు ప్రతీకారమును పూర్తిగా నిర్మూలింపజాలక, దానికి గడువును, కొలతను, ముగింపును కల్పింప యత్నించిన చరిత్ర యిందు గలదు. పగ యనునది విడిచినచో ఎంతదూరము పోవునో వారు అనుభవమున నెఱిగియుండిరి కావుననే కంచె కట్టిరి. ఆ కంచె తీసివేయబడి, దాని స్థానమున నిలువవలసిన న్యాయము ఇంకను నిలువని సంధికాలమున, ఒక సజ్జనుడు ఏమైపోవునో చెప్పుటయే హైన్రిఖ్ ఫొన్ క్లైస్ట్ రచించిన ‘మిఖాయెల్ కోల్హాస్’ అను కథ.

1495వ సంవత్సరమున వోర్మ్స్ నగరమున సమావేశమైన సామ్రాజ్యసభయందు మాక్సిమిలియన్ రాజు శాశ్వత దేశశాంతిని ప్రకటించెను. ఆ దినము మొదలు వైరహక్కు సర్వులకును రద్దయ్యెను. ఎవ్వడు ఎంతటి యన్యాయము పొందినను న్యాయస్థానమునకే పోవలెను గాని కత్తి పట్టరాదు. ఈ వాగ్దానమును చెల్లించుటకై ఆ యేడే సామ్రాజ్య న్యాయస్థానము ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థాపింపబడి, 1527లో ష్పేయర్ నగరమునకు మార్చబడెను. శాసనము ఒక్కదినమున వెలువడెను గాని, న్యాయము అంత త్వరగా రాలేదు. ఆ స్థానమున వ్యాజ్యములు ఏండ్లకొలది, తరములకొలది సాగెను. ప్రభువుల సీమలలో న్యాయాధికారులు ప్రభువుల బంధువులే యగుట వలన, సామాన్యుని యర్జీ పైకి పోవుటయే దుర్లభముగా నుండెను. ఇనుపచేతి వీరుడని ప్రసిద్ధికెక్కిన గోట్స్ ఫొన్ బెర్లిఖింగెన్ వంటి యోధులు శాసనమును లక్ష్యపెట్టక తమ వైరములను సాగించుచునే యుండిరి. ఐదవ కార్ల్ చక్రవర్తి పేర 1532లో అంగీకరింపబడిన దండస్మృతి, అధర్మముగా వైరము సాగించువానికి ఖడ్గముచే శిరశ్ఛేదమును విధించెను.

సరిగా ఆ 1532వ సంవత్సరమున, అక్టోబరు మొదటి తేదీని, హాన్స్ కోల్హాసె యను వర్తకుడు లైప్‌జిగ్ సంతకు పయనమై పోవుచుండెను. ఇతడు స్ప్రే నదీతీరమున బెర్లిన్ నానుకొనియున్న కోల్న్ పట్టణవాసి. బ్రాండెన్‌బర్గ్ ఎలెక్టరు ప్రజ. చక్రవర్తి నెన్నుకొను అధికారము గల రాజులను ఎలెక్టరు లనెడివారు. సాక్సనీ సీమలోని వెల్లౌనె గ్రామమునొద్ద గ్యుంటర్ ఫొన్ త్సాష్విట్స్ అను యుంకరుని, అనగా గ్రామప్రభువుని, మనుష్యులు ఆ వర్తకుని అడ్డగించి, అతని గుఱ్ఱములు దొంగసొత్తని నిందమోపి, రెండింటిని పట్టుకొనిరి. కోల్హాసె సంత ముగించుకొని వచ్చి, గుఱ్ఱములు తనవే యని చెప్పి అడుగగా, మేతఖర్చు చెల్లించి తీసికొనిపొమ్మనిరి. తన సొత్తును అన్యాయముగా పట్టుకొనినవారికి తానే సొమ్ము చెల్లించుట కతని మనస్సు సమ్మతింపలేదు. రాజీ ప్రయత్నములు విఫలము కాగా, 1534 మార్చిలో అతడు పాతకాలపు యోధుల వలె వైరలేఖ వ్రాసెను. అది ఆ యుంకరునకు మాత్రమే గాక సాక్సనీ దేశమున కంతటికిని ఉద్దేశింపబడెను. రెండు గుఱ్ఱముల తగవు ఒక దేశముపై వైరముగా మాఱుటకు రెండేండ్లు కూడ పట్టలేదు.

ఆ వసంతమున విట్టెన్‌బర్గ్‌లో ఇండ్లు తగులబడగా జనులు కోల్హాసెనే అనుమానించిరి. ఆ యేటి చివర యూటర్‌బోగ్ పట్టణమున ఉభయపక్షములును కూర్చుండి ఒక యొడంబడికకు వచ్చిరి. కాని సాక్సనీ ఎలెక్టరు యోహాన్ ఫ్రీడ్రిఖ్ దాని నంగీకరింపలేదు. ఆ కాలముననే, డిసెంబరు 8వ తేదీని, మతసంస్కర్త మార్టిన్ లూథర్ కోల్హాసెకు ఒక లేఖ వ్రాసి, నష్టము పొందిన మాట నిజమే యైనను స్వయముగా పగదీర్చుకొనుట ధర్మము కాదనియు, శాంతి లభించినచో స్వీకరింపుమనియు హితవు చెప్పెను. శాంతి లభింపలేదు. దోపిడులును, మనుష్యుల నెత్తుకొనిపోవుటయు ఏండ్ల తరబడి సాగెను. తుదకు, అనుచరుడు నాగెల్‌ష్మిట్ ప్రోద్బలముతో, పోట్స్‌డామ్ సమీపమున తన ప్రభువైన బ్రాండెన్‌బర్గ్ ఎలెక్టరునకు చెందిన వెండిని కొల్లగొట్టుటతో, అంతవఱకు అతని నుపేక్షించుచు వచ్చిన ఆ రాజు కూడ శత్రువయ్యెను. 1540 మార్చి 22వ తేదీని బెర్లిన్ నగరమున కోల్హాసెను చక్రమున కట్టి వధించిరి. వెండిని నీట ముంచిన చోటని చెప్పబడు వంతెన దాపున వెలసిన పల్లెకు నేటికిని కోల్హాసెన్‌బ్రుక్ అనియే పేరు.

బెర్లిన్ నగరపు పాఠశాలాధిపతి పీటర్ హాఫ్టిట్స్ 16వ శతాబ్దపు తుదిభాగమున వ్రాసిన వృత్తాంతగ్రంథములో ఈ యుదంతము నిలిచి, 1731లో ముద్రితమై, క్లైస్ట్ కంటబడెను. క్లైస్ట్ 1777లో ఓడర్ తీరపు ఫ్రాంక్‌ఫర్ట్‌లో సైనికవంశమున జన్మించి, పదునైదవ యేటనే సేనలో జేరి, 1799లో దానిని విడిచినవాడు. 1806లో ప్రష్యా రాజ్యము నెపోలియను చేత భగ్నమగుట చూచినవాడు. మఱుసటి యేడు ఫ్రెంచివారు గూఢచారి యను శంకతో పట్టుకొనిపోయి విచారణ లేకయే నెలలకొలది కారాగారమున నుంచగా అనుభవించినవాడు. అన్యాయమునకు గుఱియైనవాని గుండెలో మండు నిప్పును గూర్చి అతనికి వేఱొకరు చెప్పవలసిన యవసరము లేదు. 1808లో డ్రెస్డెన్ నుండి వెలువడిన తన పత్రిక ‘ఫేబుస్’లో ఈ కథాభాగమును ప్రకటించి, 1810లో సంపూర్ణముగా గ్రంథస్థము చేసెను. ఆనాటికిని ప్రష్యా పల్లెలలో భూస్వాములకు న్యాయాధికారము తొలగలేదు. అది తొలగుటకు 19వ శతాబ్దపు నడుమ దాక పట్టెను. కావున ఆ కథ పాఠకులకు పురాతనగాథ కాదు; వారి పొరుగూరి కథ.

చరిత్రలోని వర్తకుని క్లైస్ట్ గుఱ్ఱముల వ్యాపారిగా మార్చి, హాన్స్ అను పేరు తీసి మిఖాయెల్ అని పెట్టెను. ఈ మిఖాయెల్ కోల్హాస్ హాఫెల్ నదీతీరమున ముప్పదియేండ్ల వయస్సున భార్యాబిడ్డలతో సుఖముగా జీవించుచున్న గృహస్థు. ఇరుగుపొరుగువారిలో ఇతని ఔదార్యము వలనగాని, న్యాయబుద్ధి వలనగాని మేలు పొందనివాడు లేడు. ట్రోంకా వంశపు యుంకరు కోట దగ్గఱ క్రొత్తగా వెలసిన అడ్డుగడ యొద్ద ఇతని నాపి, రహదారి చీటి యేదని అడిగి, అది లేనందున రెండు నల్లగుఱ్ఱములను తాకట్టుగా నిలిపిరి. డ్రెస్డెన్‌లో విచారింపగా అట్టి చీటి యేదియు అవసరము లేదని తెలిసెను. తిరిగివచ్చి చూడగా, కండపట్టి నిగనిగలాడిన ఆ గుఱ్ఱములు పొలము పనులలో వాడబడి ఎముకల గూడులై యుండెను. వానిని కనిపెట్టియుండుమని నిలిపిన సేవకుడు హెర్సె దెబ్బలు తిని వెడలగొట్టబడియుండెను.

ఇక్కడ కథకుడు చూపిన నేర్పును గమనింపవలెను. కోల్హాస్ వెంటనే ఆగ్రహింపడు. తప్పు తన సేవకునిదే యేమో యని శంకించి, ఇంటికి పోయి, గాయములతో మంచము పట్టిన హెర్సెను ఎదుట కూర్చుండబెట్టుకొని, ప్రతివాది పక్షపు న్యాయవాది వలె అడ్డుప్రశ్నలు వేసి, ప్రతి మాటను తూచి, సేవకుడు నిర్దోషి యని నిశ్చయమైన పిమ్మటనే వ్యాజ్యమునకు పూనుకొనును. శత్రువునకు సైతము సందేహలాభము నిచ్చిన ఈ మనుష్యుడే కొలదినెలలలో నగరములను కాల్చును. అతని పతనమునకు కారణము క్రౌర్యము కాదు, లోభము కాదు. కంసాలి త్రాసు వలె సున్నితమైన ఆ న్యాయబుద్ధియే. ఏ గుణము వలన అతడు సజ్జనుడయ్యెనో ఆ గుణమే అతనిని దుర్మార్గుని చేసెను. ప్రతీకారకథలు లోకమున లెక్కలేనన్ని యున్నను, ఈ కథకు గల విశిష్టత యిది.

డ్రెస్డెన్ న్యాయస్థానమున అతని వ్యాజ్యము త్రోసివేయబడెను. ట్రోంకా బంధువులు అక్కడ కొలువులో నుండిరి. బ్రాండెన్‌బర్గ్ ఎలెక్టరునకు పంపుకొన్న అర్జీ మంత్రి చేతికి పోయెను. మంత్రియు ఆ వంశమునకు వియ్యమందినవాడే. తుదకు భార్య లిస్బెత్, తాను పోయి రాజునకు విన్నవించెదనని బయలుదేరి, కావలిభటుని బల్లెపుకఱ్ఱ పోటు ఱొమ్మున తగిలి, ఇంటికి తేబడి కన్నుమూసెను. మరణసమయమున ఆమె బైబిలు తెఱచి, శత్రువులను క్షమింపుమను వాక్యమును వ్రేలితో చూపి భర్త ముఖమువంక చూచెను. ఆమె యడిగినది ఒక్కటే. ఆ యొక్కటి తప్ప తక్కిన దంతయు కోల్హాస్ ఆమెకు సమర్పించెను: రాణులకు చేయదగినంతటి వైభవముతో అంత్యక్రియలు జరిపించి, నాటి సాయంకాలమే పగకు పూనుకొనెను.

అతడు తొలుత చేసిన పని ఒక తీర్పు వ్రాయుట. యుంకరు మూడు దినములలో నల్లగుఱ్ఱములను తెచ్చి, కోల్హాస్ శాలలో స్వహస్తములతో మేపి, పూర్వరూపమునకు తేవలెనని అందు ఆజ్ఞాపించెను. పాతకాలపు వైరలేఖలోని మూడు దినముల గడువు ఇందు నిలిచియున్నది. కాని తక్కిన హద్దు లేవియు నిలువలేదు. వాదియు తానే, న్యాయాధిపతియు తానే, దండధారియు తానే. గడువు ముగియగానే ఏడుగురు మనుష్యులతో కోటపై బడి నిప్పు పెట్టెను. యుంకరు తప్పించుకొని పోయెను. కోటలోని అధికారులు, వారి భార్యలు, పిల్లలు వధింపబడి గవాక్షముల నుండి విసరివేయబడిరి. ఆ మంటల నడుమ, కాలుచున్న పాకలోనికి పోయి నల్లగుఱ్ఱములను బయటికి తెమ్మని కోల్హాస్ ఒక సేవకుని బలాత్కరించెను. వాడు ప్రాణమునకు తెగించి వానిని తెచ్చి, ఇప్పుడేమి చేయవలెనని యడుగగా, కోల్హాస్ జవాబు చెప్పక, తన్నబోవువాని వలె కాలెత్తి, తన గుఱ్ఱమెక్కి తెల్లవాఱువఱకు మౌనముగా నిలిచెను. ఆ నల్లగుఱ్ఱములను అచ్చటనే విడిచి పోయెను. ఏ జీవముల కొఱకు ఇంతయు ఆరంభమయ్యెనో అవి యిప్పుడతనికి అక్కఱలేనివి. పగ తనకు జన్మనిచ్చిన కారణమును మఱచి, స్వతంత్రమైన ప్రాణము గలదై లేచినది ఆ ఘట్టముననే.

అక్కడినుండి అతని ప్రకటనలు చదివినచో ఒక మనస్సు మెట్టుమెట్టుగా జాఱుట కనబడును. మొదటి ప్రకటనలో యుంకరునకు ఆశ్రయ మీయరాదని దేశస్థులను హెచ్చరించెను. తరువాతి దానిలో తాను భగవంతునకు తప్ప వేఱొక ప్రభువునకు లోబడినవాడను కానని చాటెను. పిమ్మట, లోకమునంతను ముంచిన కపటమును నిప్పుతోను కత్తితోను శిక్షించుటకు వచ్చిన మిఖాయెల్ దేవదూత ప్రతినిధిని తానే యనెను. ల్యుట్సెన్ కోటలో కూర్చుండి అది తాత్కాలిక లోకప్రభుత్వపు పీఠమని వ్రాసెను. అతడు నడచునప్పుడు ముందు పెద్ద ఖడ్గమును తోలుదిండుపై నుంచి మోయుదురు. పండ్రెండుగురు కాగడాలతో వెంట నడతురు. యుంకరు దాగియున్నాడని విట్టెన్‌బర్గ్ నగరమును మూడు పర్యాయములు తగులబెట్టెను. ఆ నగరవాసులలో అతనికి అపకారము చేసినవాడు ఒక్కడును లేడు. తనకు జరిగిన యన్యాయమును లోకమునకు జరిగిన యన్యాయముగా భావించుట ఉదారమైన యాలోచనయే. కాని ఆ భావనకు అధికారము తోడైనప్పుడు, తన పగను లోకకల్యాణమని పేరు పెట్టి పిలుచుకొను స్వాతంత్ర్యము మనుష్యునకు లభించును. అంతకంటె ప్రమాదకరమైన స్వాతంత్ర్యము లేదు.

లూథర్ అతనిని అధర్మపరుడని నిందించుచు ప్రకటన వ్రాయగా, దానిని చదివి కోల్హాస్ ముఖము కందెను. మాఱువేషమున రాత్రివేళ లూథర్ ఇంటికి పోయి తన గోడు విన్నవించెను. అతని కోరికలు న్యాయమైనవే: యుంకరునకు శిక్ష, గుఱ్ఱముల పునరుద్ధరణము, తనకును, పోరులో మరణించిన హెర్సెకును పరిహారము. లూథర్ వాని ధర్మమును గుర్తించెను. కాని క్రీస్తు తన శత్రువులను క్షమించెను గదా, నీవు యుంకరుని క్షమింతువా యని యడిగినప్పుడు, తక్కినవారి నందఱను క్షమింతును గాని యుంకరుని మాత్రము క్షమింపజాల ననెను. ఆ మాటతో అతనికి ప్రసాదము నిరాకరింపబడెను. అభయము మాత్రము దొరకెను. డ్రెస్డెన్‌కు వచ్చి సేనను విడిచి న్యాయమునకై వేచియుండగా, ఆ యభయమును రాజపురుషులు కపటముతో కొంచెము కొంచెముగా హరించిరి. మఱియొకవైపున నాగెల్‌ష్మిట్ అను పూర్వానుచరుడు అతని పేరు చెప్పుకొనుచు పల్లెలను దోచుచుండెను. ధర్మము పేర తాను నడచిన బాటలో ధర్మములేనివాడును సులువుగా నడువగలడని ఆ దోపిడికాడు కోల్హాస్‌కు నిరూపించెను.

కథాంతమున బ్రాండెన్‌బర్గ్ ఎలెక్టరు అతనిని తన న్యాయాధికారము క్రిందికి తెచ్చుకొని, రెండు తీర్పులను ఏకకాలమున అమలుపఱచెను. నల్లగుఱ్ఱములు మరల బలిసి మెఱయుచు వధ్యశిల యెదుటికి తేబడెను; హెర్సె పోగొట్టుకొన్న బట్టల మూట వఱకు పరిహారము చెల్లెను; యుంకరునకు రెండేండ్ల కారాగారము విధింపబడెను. దేశశాంతిని భంగపఱచినందులకు కోల్హాస్‌కు శిరశ్ఛేదము. తనకు రావలసిన న్యాయము అణువంతయు తగ్గక ముట్టెనని అతడు సంతోషించి, మరణమునకు సంసిద్ధుడయ్యెను. కథ అక్కడ ముగిసియున్న యెడల న్యాయవిజయగాథ యని చెప్పవచ్చును. కాని కోల్హాస్ మెడలో, ఒక సోదె చెప్పు స్త్రీ యిచ్చిన చీటి గలదు. సాక్సనీ రాజవంశము ఎప్పుడు ఎవరి చేతిలో నశించునో అందు వ్రాయబడియున్నది. దాని నిచ్చినచో ప్రాణమును విడుదలయు లభించునని సాక్సనీ ఎలెక్టరు కబురంపినను, కోల్హాస్ సమ్మతింపలేదు. వధ్యస్థలమున మాఱువేషముతో నిలిచిన ఆ రాజు చూచుచుండగా చీటిని చదివి నోట వేసికొని మ్రింగెను, రాజు మూర్ఛిల్లెను. న్యాయము పూర్తిగా లభించిన పిమ్మట సైతము పగకు మిగిలిన యాకలి యెంతటిదో, కన్నబిడ్డలను తండ్రిలేనివారిని చేసియైనను శత్రువును బాధింపవలెనను ఆ యాకలి న్యాయకాంక్షతో నేకము కాదనియు క్లైస్ట్ ఈ యొక్క చేష్టతో తేల్చి చెప్పెను.

మన పురాణములలో ఇట్టి కథ లేకపోలేదు. కార్తవీర్యుడు జమదగ్ని హోమధేనువును బలాత్కారముగా తోలుకొనిపోయెను. పరశురాముడు వానిని వధించి ధేనువును మరల్చెను. అంతవఱకు అది ధర్మమే యని లోకమనును. కాని భాగవతమున జమదగ్ని కుమారుని మెచ్చుకొనక, క్షమయే మనకు భూషణమని మందలించి, పాపపరిహారమునకై తీర్థయాత్రకు పంపెను. తరువాత కార్తవీర్యుని కుమారులు జమదగ్నినే వధించిరి. మందలించు కంఠము మూగవోయిన పిమ్మట, దోషులు కొందఱే గాక క్షత్రియజాతి యంతయు అపరాధియై, పరశురాముడు ఇరువదియొక్క మాఱులు భూమిని నిఃక్షత్రము చేసెను. శమంతపంచకమున రక్తపు మడుగులు నిండెను. అతనిని అవతారమూర్తిగా పూజించు పురాణమే, ఆ భూమిని దానము పట్టిన కశ్యపుడు ఇక నీకు ఇచట నివాసము లేదని పంపివేసిన మాటయు చెప్పుచున్నది. అవతారపురుషునకే తాను జయించిన నేలపై నిలువ తావు లేకపోయిన దని మన పూర్వులు కథ కల్పించుటలో గల వివేకము, లిస్బెత్ చూపిన వాక్యములో గల వివేకము ఒక్కటే. జమదగ్ని హితవును మరల పలుకువారు లేకపోవుటయు, లిస్బెత్ హితవును వినువాడు లేకపోవుటయు రెండు దేశములలో ఒకే ఫలము నిచ్చెను.

రుడోల్ఫ్ ఫొన్ యేరింగ్ అను సుప్రసిద్ధ న్యాయశాస్త్రవేత్త 1872లో వియన్నాలో ‘హక్కు కొఱకు పోరాటము’ అను విషయమై ఉపన్యసించి, కోల్హాస్‌ను న్యాయబుద్ధికి బలియైన వానిగా కొనియాడెను. న్యాయము నీయవలసిన రాజ్యమే అపరాధి యని అతని యభిప్రాయము. అందు సగము సత్యము గలదు. వైరహక్కును ప్రజల చేతినుండి తీసికొన్న రాజ్యము, దానికి బదులు సకాలమున నిష్పక్షపాతమైన తీర్పు నిత్తునని ఋణపత్రము వ్రాసియిచ్చినట్లే. ఆ ఋణమును ఎగవేసి, బంధువుల పక్షము వహించి, అర్జీలను దాచి, సత్పురుషుని ద్వారము ద్వారమునకు త్రిప్పిన రాజ్యమునకు అతని నేరములో పాలు తప్పక యున్నది. కాని మిగిలిన సగము యేరింగ్ వాదమున నిముడదు. గవాక్షముల నుండి విసరివేయబడిన పసిపిల్లలకు డ్రెస్డెన్ న్యాయస్థానముతో ఏమి సంబంధము? విట్టెన్‌బర్గ్ వీథులలో గూడు పోగొట్టుకొన్న వృద్ధులు ఏ వ్యాజ్యమును త్రోసివేసిరి? రాజ్యము చేసిన అన్యాయము కోల్హాస్‌కు ఫిర్యాదు నిచ్చెను గాని, వారిపై అధికారము నీయలేదు. ఆ యధికారమును అతడు తనకు తానే కల్పించుకొనెను.

అన్యాయము పొందినవాడు మొదట కోల్పోవునది సొత్తు. అది పరుల చేతలవలన. తరువాత అతడు కోల్పోవునది కొలత. అది తన చేతలవలన. ఇది యెంత, దీనికి ప్రతిగా ఎంత, ఎవనినుండి, ఎంతవఱకు అను నాలుగు ప్రశ్నలను అడుగుట మానిన దినమున, అతడు తన శత్రువునకు శిష్యుడగును. యుంకరు దారిన పోవువానిని కారణము లేక ఆపినట్లే, ఇతడును దారినున్న వారిని కారణము లేక కాల్చును. పాతకాలపు వైరాచారము మోటైనదే, రైతుల రక్తమున తడిసినదే యైనను, ఆ నాలుగు ప్రశ్నలకు ఏదో యొక సమాధానము చెప్పుకొని, ప్రమాణముతో ముగించుట నెఱిగియుండెను. దానిని తొలగించుట నాగరికతకు ఆవశ్యకమైన పనియే. కాని తొలగించినవారిపై రెండు బాధ్యతలు నిలిచియున్నవి: మొఱ వినుట రాజ్యము బాధ్యత, మొఱ వినబడని దినమున సైతము తన నష్టమునకు మించి శిక్షింపకుండుట మనుష్యుని బాధ్యత. మొదటిది తప్పినందువలన రెండవది రద్దు కాదు. దాదాపు ఐదువందల యేండ్ల క్రిందట రెండు గుఱ్ఱముల కొఱకు చెలరేగిన ఆ వైరమునుండి, న్యాయము కోరు ప్రతివాడును తన పట్టుదలతో పాటు వెంట నుంచుకొనవలసిన ధర్మము ఇదియే.